సంతకు ముందురోజు

వాగు ఈ పూట దాటనిచ్చేలా లేదు. పరంజ్యోతి మాస్టారు సైకిలుకు స్టాండు వేశాడు, మెత్తటి మట్టిలో అది ఒరిగిపోతుంటే తీసి మద్దిచెట్టుకు ఆనించాడు, గొడుగు ముడిచాడు, మళ్ళీ చినుకు పడితే విప్పాడు, చివరికి ఒక తడిబండ మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. గొడుగు కమ్మి ఒకటి విరిగింది గానీ నీళ్ళు కారేది భుజం మీదికే, కళ్ళజోడు మీదికి కాదు, అదొక మేలు. ఇక్కడ పొద్దుటి నుంచీ పడింది నాలుగు చినుకులే. పైన అడవిలో ఎక్కడో కుమ్మరించి ఉంటుంది, రాళ్లవాగు ఎర్రగా, విరిగిన కొమ్మల్నీ వెదురు ముక్కల్నీ దొర్లించుకుంటూ గోదావరి వైపు పరుగెత్తుతోంది. గడియారం చూసుకున్నాడు. మూడు దాటి పది నిమిషాలు. అవతలి ఒడ్డున చింతలగుంపు. ఇరవై ఇళ్ళు, ఇక్కణ్ణుంచి చూస్తే వెదురు పొదల మీదుగా లేచే పొగ తప్ప మరేమీ కనబడదు. ఆ పొగల్లో ముత్తక్క ఇంటిది ఉండదని ఆయనకు తెలుసు. ఈ రోజు ముత్తక్క పొయ్యి వెలిగించదు. నిన్న కాచిన జావ తాగి, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మం ముందు ఈతచాప పరుచుకుని, ఆదివారం పాటిస్తూ కూర్చుని ఉంటుంది. ఈ రోజు సోమవారం.

ఆ మాట చెప్పడానికే ఆయన వచ్చాడు. పన్నెండేళ్ళుగా నువ్వు ఆదివారం అనుకుని పాటిస్తున్నది ఆదివారం కాదు ముత్తక్కా, అని చెప్పాలి. దారి పొడుగునా ఆ వాక్యాన్ని తిప్పితిప్పి చూశాడు, పిల్లలకు పాఠం చెప్పే ముందు ఎక్కడ మొదలుపెట్టాలా అని చూసుకున్నట్టు. ముప్ఫై మూడేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పిన మనిషి. భూమి తిరగడం చెప్పాడు, రాజ్యాలు కూలడం చెప్పాడు. డెబ్భై ఏళ్ళ ముసలమ్మకు వారం పేరు చెప్పడానికి నోరు రావడం లేదు. నిన్న ఆరాధన అయ్యాక, చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు గుడి మెట్ల దగ్గర ఆయన్ని ఆపాడు. కుర్రవాడే, మంచివాడే, వేదాంత కళాశాల నుంచి వచ్చి ఆరు నెలలైంది, మాట మెత్తన. సంఘ పెద్ద జంపయ్య చెప్పాడట, మన మాస్టారు ప్రతి సోమవారం అడవిలోకి పోయి ఒక్క ముసలామెతో ఆదివారం చేసి వస్తాడని. నవ్వుతూనే చెప్పి ఉంటాడు జంపయ్య, ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. "ప్రభువు దినాన్ని మనకు వీలైన చోటికి జరుపుకోవడానికి లేదు కదా మాస్టారూ. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారపు బల్ల ఉంది. ఆమెనూ రమ్మనండి, రొట్టె ఇద్దాం. కానీ ముందు ఆమెకు నిజం తెలియాలి. రేపే చెప్పండి" అన్నాడు. అందులో తప్పేముంది. మాస్టారు "అలాగే అయ్యగారూ" అన్నాడు. కాదనడం ఆయనకు అలవాటు లేదు. మెట్లు దిగి నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, ముత్తక్కకు నిజం చెప్పడమంటే దీనమ్మ ఆమెను పదేళ్ళు మోసం చేసిందని చెప్పడం కూడా.

మోసం అనే మాట దీనమ్మ పక్కన నిలబడదు. అయినా ఇంకో పేరు ఏం పెడతాడు. తప్పు అసలు దీనమ్మ నోటి నుంచే పుట్టింది. దీనమ్మ అప్పుడు ప్రభుత్వ నర్సు, ఈ వాగుకు అటూ ఇటూ ఉన్న పదకొండు గుంపులు ఆమెవి. ముత్తక్క కూతురికి కాన్పు కష్టమై రెండు రోజులు ఆ గుడిసెలోనే ఉండిపోయింది, తల్లీ బిడ్డా దక్కారు. ఆ తర్వాత ఏడాదికి ముత్తక్క అడిగిందట, "నువ్వు మొక్కే దేవునికి రోజేది?" అని. ఐతారం అంటే ఆమెకేం తెలుసు, గుంపులో గోడకు క్యాలెండరు వేలాడే ఇల్లు లేదు. వారం అంటే సంత. రాళ్లపాడు సంత సోమవారం. ఉప్పు, ఎండుచేపలు, ఇప్పపువ్వు అమ్మడం, తునికాకు కబుర్లు, అన్నీ సంత నుంచి సంతకు లెక్క. అందుకని దీనమ్మ, మంచి ఉపాయం దొరికిందని సంబరపడుతూ, "సంతకు ముందురోజు" అని చెప్పింది. ముత్తక్క ఆ మాటను కొంగున ముడేసుకున్నట్టు పట్టుకుంది. మూడేళ్ళు ఏ లోటూ లేకుండా జరిగింది. తర్వాత పక్క ఊరి సంతతో పోటీ వస్తోందని పంచాయతీ వాళ్ళు రాళ్లపాడు సంతను మంగళవారానికి మార్చారు. డప్పు వేయించారు, బస్టాండులో కాగితం అంటించారు. ఆదివారం ఒకరోజు జరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు.

నీళ్ళు తగ్గాయా, పెరిగాయా? చూసి చూసి కళ్ళు కట్టాయి, నీరు నిలిచి ఒడ్డే కదిలిపోతున్నట్టు ఉంది. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాడు. దూలయ్య. ముత్తక్క తమ్ముడు, అరవై ఏళ్ళవాడు, అక్క దేవుణ్ణి అక్కకే వదిలేసి తాతల నాటి వేల్పులను తాను కొలుచుకుంటూ ఉంటాడు, ఇద్దరికీ దాని మీద ఏనాడూ మాట రాలేదు. ఈ రోజు ఎడమ దవడ ఉబ్బి, తల చుట్టూ తువ్వాలు బిగించి ఉంది.

"ఏంది దూలయ్యా, గట్లున్నవు?"

"దవాఖానాకు పోయొస్తున్న సారూ. పన్ను పీకిండు." నడుము ముడి విప్పి కాగితం పొట్లం తీశాడు. "చూస్తవా? దీనికి మూడు కాళ్ళున్నయ్. ఇంటికాడ చూపియ్యకుంటే నమ్మరు. తాగి పండుకొని దవాఖానా అంటున్నడంటది మా ఆడిది."

పన్ను చూడక తప్పలేదు. నిజంగానే మూడు కాళ్ళున్నాయి. దూలయ్య దాన్ని జాగ్రత్తగా మళ్ళీ ముడేసుకుని, నీటి అంచుకు దిగి మూడు పుల్లలు గుచ్చాడు, ఒకటి నీటి గీత మీద, తక్కినవి జానెడు జానెడు దూరంలో వాగు లోపలికి. "నడిమి పుల్ల బయటపడితే పోవచ్చు. గంట పడ్తది," అన్నాడు. చుట్ట ముట్టించబోయి దవడ నొచ్చి మానుకున్నాడు. "వాగొచ్చింది గద, ఒక్క వారం రాకుంటే ఏమాయె సారూ? మా అక్క ఏమన్న తిడ్తదా?"

"తిట్టదు."

"అవ్, తిట్టదు. కూసుంటది గంతే. పొద్దు గూకేదాక గట్లనే కూసుంటది." దూలయ్య బండకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

కూర్చుంటుంది. సంత మారిన ఆ మొదటి ఆదివారం దీనమ్మ వెళ్ళేసరికి మాత్రం కూర్చోలేదు, తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. పక్కింటి ఎర్రమ్మ చెప్పిందట, కట్టెలకు పోయింది, ఆమె దేవుని రోజు రేపంటగా అని. దీనమ్మ ఇంటికొచ్చి ఆ కబురు చెప్పి పకపకా నవ్వింది, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. తునికాకు కోత రోజులు, ఒక రోజు పోతే కూలి పోతుంది, అయినా ముత్తక్క రేపు పని మానుకుని ఒంటరిగా కూర్చోబోతోంది, నేను చెప్పిన మాట పట్టుకుని, అంది. పోయి సరిచెయ్యి మరి, అన్నాడు తను. దీనమ్మ మర్నాడు పోయింది. సరిచెయ్యలేదు. చీకటిపడే వేళకు ఒళ్ళో ఇన్ని తునికి పండ్లతో తిరిగొచ్చి, "నన్ను చూసి లేచి నిలబడ్డది. ఉతికిన చీర కట్టుకుంది. నాకు నోరు రాలేదండీ" అంది. వచ్చే వారం చెబుతానంది. ఆ వచ్చే వారం పదేళ్ళపాటు రాలేదు. గుంపుల తనిఖీ సోమవారానికి మార్పించుకుని ఆ తప్పును ఉద్యోగంలో కలిపేసింది. తనకు ఒళ్ళు మండేది. చదువుకున్న వాళ్ళం, ఒక తప్పుకు మనమే కాపలా కాస్తామా అనేవాడు. నేను చెప్పిన మాట చూడండి, అనేది ఆమె, అందులో ఏం తప్పింది ముత్తక్క? సంతకు ముందురోజు అన్నాను, సంతకు ముందురోజే చేస్తోంది. తప్పితే నేను తప్పాను, పంచాయతీ తప్పింది. దీనమ్మ వాదన అది, ఆమె పుట్టింటి మధిర వాళ్ళ మాట, తేనె రాసిన చాకు. తను ఓడిపోయి పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఆమె విధేయతలో ఏదో తనకు అందనిది ఉండేది, పెళ్ళయిన మొదటి నెల నుంచీ. తను గుంటూరులో బి.ఏ. చదివి, ఏన్కూరు పల్లెలో పుట్టిన సంగతి మరిచిపోవాలని చూస్తున్న రోజులు. వేకువన నాలుగింటికి కళ్ళకు సన్నటి వెలుతురు తగిలేది. లాంతరు వత్తి తగ్గించి, గొంగడి మడత వేసుకుని, గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద దీనమ్మ. లేపేది కాదు. లేవమని ఒక్క రోజూ అనలేదు. అనుంటే తను లేచేవాడు కాదు. చలికాలం ఒక వేకువ, ఆమె కప్పుకున్న దుప్పటి భుజం నుంచి జారిపోతే కప్పుదామని లేచాడు, కప్పాక పక్కన మోకరించకుండా వెనక్కి పోవడం బాగుండదనిపించింది. అలా మొదలైంది తన భక్తి, జారిన దుప్పటితో. శుక్రవారాలు ఆమెకు ఉపవాసం. ఉపవాసం నాడు పెట్టె తెరిచి మంచి చీర తీసేది. నీలం అంచు తెల్ల చీర, కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టింది. ఎక్కడికి, అని అడిగాడు మొదటిసారి. ఎక్కడికీ లేదు, శుక్రవారం, అంది, శుక్రవారం ఎవరో చుట్టం పేరైనట్టు. కడుపులో ఏమీ లేకుండా నాలుగు గుంపులు నడిచి, తిరిగొచ్చేటప్పుడు పాట కూనిరాగం తీస్తూ వచ్చేది. ఆ పాట పుస్తకంలోది కాదు. ముత్తక్కకు పుస్తకం పాటలు నోరు తిరక్కపోతే, నాట్లప్పుడు వాళ్ళు పాడుకునే వరస మీద దీనమ్మే కట్టిన రెండు చరణాలు, వాన కురిపించే తండ్రీ, వాగు దాటించే తండ్రీ అని. తను కూడా ఉపవాసం ఉండేవాడు, శుక్రవారమంతా మధ్యాహ్నం మూడు ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ. దేవుడి దగ్గర హాజరుపట్టీ ఉన్నట్టు, అందులో తన పేరుకెదురుగా గైర్హాజరు పడకూడదన్నట్టు. ఇద్దరూ ఒకే పని చేసేవాళ్ళు. ఆమె ఆ పనిలో ఇంట్లో ఉన్నట్టు ఉండేది, తను వరండాలో నిలబడ్డట్టు ఉండేవాడు.

చినుకు ఆగింది. గొడుగు ముడిచాడు. నీలిరంగు పిట్ట ఒకటి నీటి మీదుగా బాణంలా పోయి, ఎదుటి ఒడ్డున వాలి, ఖాళీ ముక్కుతో వెనక్కి వచ్చి కూర్చుంది. బురద నీళ్ళలో చేప ఎలా కనిపిస్తుంది దానికి? అయినా కూర్చుంది. మొదటి పుల్ల మొదట్లో నీరు వెనక్కి తగ్గి వేలెడు తడి ఇసుక బయటపడింది. దూలయ్య గురక పెడుతున్నాడు, పన్ను పీకించుకున్న మనిషికి అంత నిద్ర పట్టడం కూడా దయే.

ఖమ్మంలో ఆసుపత్రి కిటికీ నుంచి రైలు కూత వినిపించేది. దీనమ్మకు అప్పటికే మాట సన్నగిల్లింది, నర్సు కాబట్టి తన సంగతి తనకు డాక్టరు కంటే ముందే తెలుసు. చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతే తను చెవి దగ్గర పెట్టాడు. ఏదైనా పెద్దమాట చెబుతుందనుకున్నాడు, పరలోకం గురించో, తన ఒంటరితనం గురించో. "సోమవారం మానకండి. ఆమె కూర్చునుంటది," అంది. అంతే. కోపం వచ్చింది, ఇప్పుడు చెబితే సిగ్గు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురానికి చివరి మాట ముత్తక్కదా? సమాధి చేసిన మూడోరోజు సోమవారమైంది. ఎవరూ వెళ్ళమనలేదు, వెళ్ళకపోతే ఎవరూ తప్పుపట్టరు. సైకిలు తీశాడు. కోపంతోనే తొక్కాడు. గుంపులోకి వెళ్ళేసరికి చాప పరిచి ఉంది, దాని మీద ముత్తక్క. దీనమ్మ పోయిన కబురు ఆమెకు ముందే తెలిసింది. ఏడవలేదు. పక్కన చాప మీద అరచేత్తో రెండుసార్లు తట్టి చోటు చూపింది. ఆయన కూర్చున్నాడు. ప్రార్థనకు బైబిలు తెరిచి, మళ్ళీ మూసేశాడు. ఆ తర్వాత ముత్తక్కే, ఎప్పుడూ పెద్దవాళ్ళ ముందు నోరెత్తని మనిషి, వాన కురిపించే తండ్రీ అని ఎత్తుకుంది, గరగరలాడే గొంతుతో.

ఆ రోజు నుంచి రెండేళ్ళు. వేకువ నాలుగుకు లేవడం మానలేదు. గొంగడి అదే, లాంతరు పోయి బల్బు వచ్చింది, అంతే. మోకాళ్ళు పట్టేస్తాయి, మాటలు నోట్లోంచి రాలి నేలమీదే పడతాయి, ఎక్కడికీ పోవు. అయినా మానలేదు, మానితే ఆమెతో ఉన్న ఆఖరి దారం తెగుతుందేమోనని. శుక్రవారాలూ అంతే. ఆ నీలం అంచు చీర పెట్టెలో ఉంది, శుక్రవారం పెట్టె తెరిచి చూసి మూస్తాడు. కానీ సోమవారం వేరు. సోమవారం మధ్యాహ్నం రెండింటికి సైకిలు గొలుసుకు నూనె చుక్క వేస్తున్నప్పుడే ఏదో తేలికవుతుంది. రోడ్డు దిగి అడవి దారి పట్టగానే టేకాకుల వాసన, ఎక్కడో వడ్రంగి పిట్ట టకటక, పర్ణశాల పోయే యాత్రికుల బస్సు హారను దూరమై దూరమై ఆగిపోవడం, ఇసుకలో సైకిలు దిగి నడిపించడం. ఒకసారి తనలో తాను ఈల వేస్తున్నట్టు గమనించి ఉలిక్కిపడ్డాడు. భార్య పోయిన మనిషి ఈల వేయవచ్చా? ఎందుకు వేశాడు? ఎవరో చెప్పిన పని చేయడానికి పోతున్నాడు, తనకు ఇష్టమని కాదు, చెప్పారని. దీనమ్మ శుక్రవారం చీర తీసినప్పుడు ఆమె చేతుల్లో ఉండేది ఇదేనేమో, ఇన్నేళ్ళకు ఒక కొస తనకూ అందిందేమో. అందీ అందగానే అయ్యగారు అది తప్పు రోజున దొరికిందంటున్నాడు.

తప్పు రోజా? కాలేజీలో చదివినది గుర్తొచ్చింది, ఒకప్పుడు యూరపులో పోపు ఆజ్ఞతో క్యాలెండరులోంచి పది రోజులు ఎత్తేశారు, గురువారం రాత్రి పడుకున్నవాళ్ళు తెల్లారి లేచేసరికి తేదీలు పది ముందుకు దూకాయి. పిల్లలకు ఈ సంగతి చెబితే తెగ నవ్వేవాళ్ళు, మరి ఆ పది రోజుల్లో పుట్టినరోజు ఉన్నవాళ్ళు సార్, అని. రోజుల్ని పోపు ఎత్తేయవచ్చు, పంచాయతీ జరపవచ్చు, ముత్తక్క మాత్రం కదలలేదు. కానీ ఈ వాదన దీనమ్మది, తనది కాదు. తను చెప్పిన మాట వినే మనిషి. అయ్యగారు దేవుడి ఇంటి పెద్ద, ఆయన చెప్పింది న్యాయం. దీనమ్మ చెప్పింది ప్రేమ. రెండు మాటలూ వినాలంటే ఒక మనిషికి ఎలా? చెబితే ముత్తక్క ముఖం ఎలా మారుతుందో ఆయన ముందే చూశాడు, ఈ దారిలో కనీసం పదిసార్లు. పన్నెండేళ్ళు. ఎన్ని ఆకు కోతలు, ఎన్ని ఇప్పపువ్వు పొద్దులు మానుకుంది, మనవరాలి పెళ్ళికి ఊరంతా సందడిలో ఉంటే దేవుని రోజని చాప దిగలేదట. అవన్నీ సోమవారాలమ్మా, అంటే? తనకు తెలిసీ నీకు చెప్పలేదు దీనమ్మ, అంటే? ఆ సమాధి దగ్గరికి ఏటా అడవి పూలు తెచ్చే ముసలి చెయ్యి, ఈసారి తేకపోతే?

ప్రభువా, అన్నాడు. పైకే అన్నాడేమో, దూలయ్య కదిలాడు. వాగు నిండుగా ఉంటే బాగుండునని ఒక్క క్షణం ఆశపడ్డాడు, ఈ వారానికి తప్పించుకోవచ్చని. అలా ఆశపడ్డందుకు సిగ్గుపడ్డాడు. చెప్పమన్నారు. చెబుతాడు. ఎలా చెప్పాలో ఆయనే చూసుకోవాలి, పైవాడు.

"సారూ, నడిమి పుల్ల బయటపడ్డది. ఇగ జల్దీ పోదాం, మల్ల వస్తదో ఏమో," దూలయ్య లేచి పంచె ఎగ్గట్టాడు. అప్పుడు చూశాడు మాస్టారు, అవతలి ఒడ్డున ముత్తక్క. చాప చుట్టి చంకలో పెట్టుకుని, కర్ర ఊతంతో, వెదురు పొదల పక్కన నిలబడి ఉంది. ఎంతసేపయిందో వచ్చి. ఆయన చెప్పులు విప్పి సంచిలో వేశాడు, బైబిలు ఉన్న ప్లాస్టిక్ కవరును చొక్కాలోకి దోపాడు, దూలయ్య చెయ్యి పట్టుకున్నాడు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి, చల్లగా, కాళ్ళ కింద గులకరాళ్ళు దొర్లిపోతూ. నడి వాగులో ఒక్కసారి పట్టు తప్పింది. దూలయ్య చెయ్యి గట్టిగా బిగిసింది. "కింద చూడకు సారూ, అక్కను చూడు, అక్కను చూసుకుంట రా," అన్నాడు. అలాగే చూశాడు. చూసుకుంటూ గట్టెక్కాడు.

"వాగొచ్చింది, నువ్వొస్తవో రావో అనుకున్న," అంది ముత్తక్క. "ఇంట్ల కూసోబుద్ధి గాలే. ఈడనే చేసుకుందాం ప్రార్థన." అప్పుడే చాప పరుస్తోంది. తడి ఇసుక మీద ఉతికిన చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది, పక్కన చాప మీద తట్టింది.

ఆయన కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేడు. "ముత్తక్కా, నీకొక మాట చెప్పాలె. అయ్యగారు చెప్పమన్నరు."

"చెప్పు."

"వచ్చే ఐతారం నువ్వు గుడికి రావాలె. బల్ల ఉంటది. నీకు రొట్టె ఇస్తరట." సగం అయింది. రెండో సగం మిగిలింది. పంచె నుంచి నీళ్ళు కారి పాదాల చుట్టూ గుంట కడుతున్నాయి.

"వస్త," అంది ముత్తక్క. "దూలడు తోల్కొస్తడు. గంతేనా? మరి మర్నాడు నువ్వొస్తవా, రావా?"

"మర్నాడా?"

"సోమారం. ఐతారం నేనే వచ్చిన గద అని, సోమారం ఎగ్గొడ్తవేమోనని అడుగుతున్న."

"ఇయ్యాల సోమారమని నీకు తెలుసా?"

ముత్తక్క తమ్ముడి వైపు చూసింది, సారుకు జ్వరమేమైనా తగిలిందా అన్నట్టు. దూలయ్య నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. "నేనే చెప్పిన సారూ, సంత మారిన నెలనే. అక్కా, నీ ఐతారం నిన్ననే పోయింది అన్న. నోర్ముయ్ అన్నది."

"మరి దీనమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె?" ముత్తక్క గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. "ఎండల గంత దూరం నడిచొచ్చిన మనిషికి, ఇయ్యాల గాదు నిన్న అని చెప్ప నోరొస్తదా? నన్ను చూసే ఆమె రోజు తప్పింది. సదువుకున్న మనిషి, ఎరికైతే చిన్నబోతది. ఆమె నన్ను నమ్మి వస్తాంటే, నేనే తప్పు పట్టాల్నా? ఐతారం నేనొక్కదాన్ని దేవునితోని కూసుంట. సోమారం మీతోని కూసుంట. రెండు దినాలు పొయ్యి ముట్టియ్య. ఏమాయె?"

"రెండు రోజులా? పన్నెండేండ్ల నుంచి?"

"నాకేమన్న బరువా సారూ? శనారం నాడు ఐతారం కోసం చీర ఉతుక్కుంట. ఐతారం నాడు, అప్పుడు నర్సమ్మ వస్తదని, ఇప్పుడు నువ్వొస్తవని చూసుకుంట కూసుంట. వారంల సగం నాకు గదే పండుగ."

ఆయన చాప మీద కూలబడ్డాడు. ఆ ముసలిది చిన్నబుచ్చుకుంటుందని దీనమ్మ పదేళ్ళు నోరు విప్పలేదు. ఆ నర్సమ్మ చిన్నబుచ్చుకుంటుందని ఈమె నోరు విప్పలేదు. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు కళ్ళు మూసుకుని, ఇదే ఐతారమని దేవుడికే అబద్ధం చెబుతూ, ఎంత సంతోషంగా పాడుకున్నారో. దేవుడు వింటూ ఏమనుకున్నాడో! ముందు పొట్టలో ఎక్కడో మొదలైంది, తర్వాత భుజాలు కదిలాయి. దీనమ్మకు ఈ సంగతి చెప్పడానికి లేదే అనుకోగానే కళ్ళు నిండాయి, కానీ నవ్వు ఆగలేదు, రెండూ కలిసి వచ్చాయి, గట్టిగా, ఒళ్ళు పట్టుతప్పేటట్టు. దీనమ్మ పోయాక తన నవ్వు తను వినడం ఇదే మొదటిసారి. ఎదుటి ఒడ్డు నుంచి అది తిరిగి వినిపిస్తే ఎవరో పిలిచినట్టుంది. దూలయ్య కూడా దవడ అదిమిపట్టుకుని, అమ్మో అయ్యో అంటూ నవ్వుతున్నాడు.

ముత్తక్క మాత్రం నవ్వలేదు. కొంగు తల మీదికి లాక్కుని, చేతులు జోడించి, ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"ప్రార్థనల కూసోని గిట్ల నవ్వుతరా? ముసలోనికి బుద్ధి లేదనుకుంటే, సారుకు గూడ లేకపాయె."

"తప్పయింది ముత్తక్కా."

"వచ్చే సోమారం వస్తవా?"

"వస్త."

"మరి ఇగ కండ్లు మూసుకో సారూ, పొద్దు పోతాంది."

మూసుకున్నాడు.